నాలుగువైపులా కుట్టు

మా శాఖా గ్రంథాలయానికి ఈ-రీడర్ వచ్చిన రోజున ముందుగా తలెత్తిన ప్రశ్న, దాని మీద ముద్ర ఎక్కడ కొట్టాలన్నది.

ఈ-రీడర్ చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను. పిల్లల పలకంత ఉంటుంది. మీట నొక్కితే కాగితం మీద అచ్చేసినట్టు అక్షరాలు వస్తాయి. పక్కనున్న ఇంకో మీట నొక్కితే పేజీ తిరుగుతుంది. మాకు పంపినదాంట్లో మూడువేల పన్నెండు పుస్తకాలున్నాయని అట్టపెట్టె మీద రాసి ఉంది. రాష్ట్ర పఠన ప్రోత్సాహక మండలికి నాలుగువందల పదహారు శాఖలున్నాయి. ప్రయోగాత్మకంగా వాటిలో ఒక్క చింతలగుంట శాఖకే, అంటే మాకే, దాన్ని ఇచ్చారు. చీటీ తీశారని కొందరు, పొరపాటున వచ్చిందని కొందరు అన్నారు.

నేను ఆ శాఖకు గ్రంథపాలకుణ్ణి. పేరు పరాంకుశం. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ముద్ర లేని పుస్తకం ఒక్కటి కూడా నా చేతుల మీదుగా గడప దాటలేదు. ఈ విషయంలో మండలి నిబంధన 14(బి) చాలా స్పష్టంగా ఉంటుంది: "ప్రతి గ్రంథమునకు మొదటి పుటయందును, పదిహేడవ పుటయందును, చివరి పుటయందును మండలి ముద్ర వేయవలెను. అట్లు మూడు ముద్రలు గలదియే మండలి గ్రంథము. ముద్ర లేనిదానిని పాఠకునికి ఇవ్వరాదు."

ఈ-రీడర్‌లో పదిహేడవ పుట ఒకచోట నిలవదు. అక్షరాలు చిన్నవిగా పెడితే ఒక మాట దగ్గర వస్తుంది, పెద్దవి చేస్తే ఇంకో మాట దగ్గర వస్తుంది. పైగా మూడువేల పన్నెండు పుస్తకాలకు తలా మూడు చొప్పున తొమ్మిదివేల ముప్పై ఆరు ముద్రలు ఒకే గాజు మీద పడాలి. అయినా ప్రయత్న లోపం ఉండకూడదని ఒకటి కొట్టాను. సిరా బొట్లుబొట్లుగా విడిపోయి కిందికి జారింది. నా రుమాలుతో తుడిచి, జిల్లా కార్యాలయానికి లేఖ రాశాను.

పంతొమ్మిది రోజులకు జవాబు వచ్చింది. "నిబంధన 14(బి)కి మినహాయింపు లేదు. గాజుపై సిరా నిలుచు విధముగా శాఖాధికారి తమ స్థాయిలో తగు చొరవ తీసుకొనవలెను."

చొరవ తీసుకుని మళ్ళీ కొట్టాను. సిరా మళ్ళీ జారింది. ఈ-రీడర్‌ను అట్టపెట్టెలో పెట్టి, పెట్టెను బీరువాలో పెట్టి తాళం వేశాను. వజ్రమ్మ లేకపోతే అది ఇప్పటికీ అక్కడే ఉండేది.

వజ్రమ్మది గ్రంథాలయానికి ఎదురుగా జాకెట్లు కుట్టే కొట్టు. వయసు అరవై ఆరు. మా దగ్గర సభ్యత్వం నలభై ఏళ్ళ నాటిది. నవలల బీరువాలు రెండూ ముగించి, వ్యవసాయం బీరువాలో వేరుశనగ తెగుళ్ళ దాకా వచ్చాక ఆవిడ కళ్ళు మొరాయించాయి. ఆపరేషన్ అయింది. దూరాన నడిచిపోయే మనిషి నడుము కొలత ఇట్టే చెప్పేది గానీ, అచ్చు పుస్తకం చేతిలో పెడితే అలికిన నేలలా ఉందనేది. మిషను మాత్రం చేతి అలవాటు మీద నడిచిపోయేది. ఏడాదిగా పుస్తకం తీసుకోకపోయినా రోజూ ఒకసారి వచ్చి, బీరువాల ముందు కాసేపు నిలబడి వెళ్ళేది.

ఒకనాడు దుమ్ము తుడవడానికి ఈ-రీడర్ బయటికి తీశాను. అప్పుడే ఆవిడ వచ్చింది.

"ఏందది సారూ?"

"ఈ-రీడర్. మీకివ్వడానికి లేదు."

"ఇయ్యమన్నానా? ఏందని అడిగా."

మీట నొక్కి, అక్షరాలను ఎంత పెద్దవి చేయవచ్చో చూపించాను. వజ్రమ్మ వంగింది. ఆవిడ పెదవులు కదలడం మొదలైంది.

"గారెలంతేసి ఉండాయి గదా సారూ," అంది మెల్లగా.

నిలబడే నాలుగు పేజీలు చదివింది. ఐదో పేజీ దగ్గర నాకు నిబంధన గుర్తొచ్చింది.

"దీనికి ముద్ర లేదు వజ్రమ్మ గారూ. ముద్ర పడేదాకా ఇది పుస్తకం కాదు."

"పుస్తకం గాకపోతే నేను ఇందాకట్నుంచీ చదివిందేంది?"

దీనికి నిబంధనల్లో జవాబు లేదు. సిరా సంగతి చెప్పాను. ఆవిడ గాజును వేలితో రాసి చూసింది.

"గాజు మీద నిలవకపోతే గుడ్డ మీద నిలవదా? దీనికో చొక్కా కుడతా. చొక్కా మీద కొట్టుకోండి మీ ముద్ర."

అక్కడే మెడలోని టేపు తీసి కొలిచింది. ఈ-రీడర్‌కు పొడవు, వెడల్పు, మందం కొలిచి, కుట్టుకు అర అంగుళం కలుపుకుని, చీటీ రాసుకోకుండా వెళ్ళిపోయింది. మర్నాటికి కవరు తెచ్చింది. పైన ముదురు నీలం నేతగుడ్డ, ఎవరిదో జాకెట్టులో మిగిలిన ముక్క. లోపల మెత్తగా పాత దుప్పటి పొర. రెంటికీ నడుమ కాలరుకు వేసే బక్రం, అట్టలా నిలబడేందుకు. నాలుగు మూలలకు ఎలాస్టిక్ పట్టీలు, అంచు చుట్టూ ఎర్ర పైపింగు, మూత మీద ఒక గుండీ, దానికో కాజా. మూత తెరిస్తే లోపలివైపు మూడు తెల్ల గుడ్డముక్కలు వరసగా కుట్టి ఉన్నాయి. వాటి మీద నల్లదారంతో మొదటి, పదిహేడు, చివరి అని గొలుసుకుట్టు వేసింది.

మూడు ముద్రలూ కొట్టాను. సిరా చక్కగా పీల్చుకుంది. నిబంధన పూర్తిగా నెరవేరింది కాబట్టి, రిజిస్టరులో రాసి, పద్నాలుగు రోజుల గడువుతో వజ్రమ్మకు ఇచ్చాను.

తర్వాతి ఆరు వారాలు మా ఊళ్ళో జాకెట్లు ఆలస్యమయ్యాయి. మిషను బల్ల మీద ఈ-రీడర్ నిలబెట్టుకుని ఆవిడ ఒక పెద్ద నవల పట్టింది. అందులో సుగుణ అనే పిల్ల ఎవరికీ చెప్పకుండా ఓడరేవు ఊరికి పోతుంది. ఆమెను ప్రేమించిన డాక్టరు ఊరూరా వెతుకుతుంటాడు. గడువు పెంచుకోవడానికి వచ్చినప్పుడల్లా కథ ఎంతవరకు వచ్చిందో నాకు చెప్పేది.

"ఇయ్యాల ఆ పిల్ల దగ్గర్నించి ఉత్తరం వచ్చింది సారూ. డాక్టరు కవరు చించాడు. అరవై ఏడు శాతం అని కింద చూపిస్తంది."

సరిగ్గా అరవై ఏడు శాతం దగ్గర తనిఖీ వచ్చింది.

వచ్చినవారు మండలి ఉపసంచాలకులు పురుషోత్తం గారు. ఏ వాక్యమైనా రెండు మెట్లు ఎక్కి మాట్లాడతారు. నేను వజ్రమ్మ దగ్గరికి పరిగెత్తి ఈ-రీడర్ తెచ్చి బల్ల మీద పెట్టాను. ఆయన కవరును తిప్పి చూశారు. గుండీ తీసి మూడు ముద్రలు చూశారు. మళ్ళీ గుండీ పెట్టారు. లోపలి పరికరం వైపు చూడలేదు.

"ఈ వస్త్ర నిర్మాణం ఏ ఉత్తర్వుల మేరకు జరిగినది?"

"ఉత్తర్వులు లేవండీ. తమ స్థాయిలో చొరవ తీసుకోమన్నారు."

ఆయన కళ్ళజోడు తీశారు. సస్పెన్షన్ అనుకున్నాను.

"పరాంకుశం గారూ, యాభై ఏళ్ళుగా ఈ మండలి గ్రంథాన్ని రక్షించింది గానీ గ్రంథానికి వస్త్రం కట్టలేదు. ఇది క్షేత్రస్థాయిలో వెల్లివిరిసిన కవచ చైతన్యం."

కవరుతో ఫొటోలు తీయించుకుని వెళ్ళారు. పది రోజుల్లో సర్క్యులర్ వచ్చింది. నాలుగువందల పదహారు శాఖలూ నెలాఖరులోగా ఈ-రీడర్లకు వస్త్ర కవచాలు సిద్ధం చేసుకోవాలి. శిక్షకురాలు శ్రీమతి వజ్రమ్మ.

శిక్షణ మా శాఖలోనే జరిగింది. పలు జిల్లాల నుంచి గ్రంథపాలకులు సూదీ దారం పట్టుకుని వచ్చారు. వజ్రమ్మ బక్రం ఎలా వేయాలో, మూల దగ్గర గుడ్డను ఎలా కత్తిరించి తిప్పాలో చూపించింది. చివర్లో ఒక సందేహం అడిగింది.

"అందరూ ఏ సైజుకి కుడతన్నారు? మీ మీ పలకలు తెచ్చుకోలేదా?"

ఎవరి దగ్గరా ఈ-రీడర్ లేదు. రెండవ దశలో వస్తాయని చెప్పారు. రెండవ దశ ఎప్పుడని ఆవిడ అడిగితే, మొదటి దశ విజయవంతమయ్యాక అని పురుషోత్తం గారు సెలవిచ్చారు.

"లోపల పెట్టేది లేకుండా కవరెందుకయ్యా?"

"అమ్మా, పరికరం ద్వితీయం," అన్నారాయన చూపుడు వేలెత్తి. "కవచం అద్వితీయం."

నెలాఖరుకు నాలుగువందల పదహారు కవర్లూ తయారయ్యాయి. ఒక్కోదానికి మూడేసి ముద్రలు పడ్డాయి. అప్పుడు ఒక చట్టపరమైన పరిణామం జరిగింది. మూడు ముద్రలు గలదియే మండలి గ్రంథమని నిబంధన చెబుతోంది. కవర్లకు మూడు ముద్రలున్నాయి. కాబట్టి కవర్లు గ్రంథాలే. గ్రంథాలైన తర్వాత వాటిని బీరువాలో ఉంచుకుని పాఠకులకు ఇవ్వకపోవడం విధి నిర్వహణలో అలసత్వం కిందికి వస్తుంది. అందుచేత రాష్ట్రమంతటా కవర్లను పాఠకులకు ఇవ్వడం మొదలైంది.

జనం తీసుకెళ్ళారు. తేలిగ్గా ఉన్నాయి, ఉతకవచ్చు, చదవనవసరం లేదు. ఒకాయన రక్తపోటు మాత్రలు పెట్టుకున్నాడు. ఒకావిడ టీవీ రిమోటుకు తొడిగింది. శిక్షణలో అదనంగా కుట్టి మా శాఖకు వదిలిన కవర్లలో ఒకటి ఇంగువ వాసనతో తిరిగొచ్చింది. నేను ఆ సంగతి నివేదికలో రాస్తే, "గ్రంథము పాఠకుని వంటింటి వరకు చేరుట హర్షణీయము" అని పై నుంచి రాశారు. మూడు నెలల్లో పాఠకుల సంఖ్య నాలుగింతలైంది. మడత నలగకుండా కవరు తిరిగిచ్చినవారికి ఉత్తమ పాఠక పురస్కారాలిచ్చారు.

ఇదంతా జరుగుతున్నన్నాళ్ళూ ఈ-రీడర్ వజ్రమ్మ దగ్గర లేదు. కొలతలకు ఆధారమైన మాతృ పరికరమని దాన్ని ప్రామాణీకరణ ఉపసంఘం తీసుకుంది. ఆవిడ రోజూ వచ్చి నా బల్ల ముందు నిలబడేది.

"ఆ ఉత్తరంలో ఏముందో తెలవక అన్నం దిగటంలా సారూ."

"ఉపసంఘం పరిశీలనలో ఉందండీ."

"ఉత్తరమా?"

"పలక."

ఉపసంఘం ఎట్టకేలకు మా శాఖకు వచ్చింది. పురుషోత్తం గారే అధ్యక్షులు. ఈ-రీడర్‌నూ, కవరునూ బల్ల మీద పక్కపక్కన పెట్టారు. వజ్రమ్మను పిలిపించారు.

"అమ్మా, మీ నిర్మాణంలో ఒక మౌలిక లోపం బయటపడినది. ఈ గుండీ తీస్తే పరికరం బయటికి వస్తున్నది."

"వస్తది గదా. అందుకే గుండీ పెట్టింది."

"పరికరం బయటికి వస్తే ముద్రలు కవచంలో ఉండిపోవును. అప్పుడు పరికరం ముద్ర లేని గ్రంథమగును. అనగా మీరు గుండీ తీసిన ప్రతిసారీ 14(బి) ఉల్లంఘన జరిగినది."

వజ్రమ్మ నా వైపు చూసింది. నేను కిటికీ వైపు చూశాను.

"ఇప్పుడేం జెయ్యమంటారు?"

"నాలుగువైపులా కుట్టవలెను."

"నాలుగువైపులా కుడితే చదివేదెట్టాగయ్యా?"

"తెరవడానికి వీలుంటే అది కవచం కాదమ్మా, సంచి."

"జాకెట్టుకి గూడా చేతులు పెట్టుకునేదానికి దారుంచుతాం. మనిషి దూరనిది జాకెట్టెట్టా అవుతది?"

ఉపసంఘ సభ్యులు తమలో తాము మాట్లాడుకున్నారు. దారి ఉంచాలన్న వాదనలో కొంత సబబు ఉందని ఒప్పుకున్నారు. పరికరానికి విద్యుత్తు ఎక్కించే తీగ దూరేందుకు, కింది అంచున ఒక కాజా మంజూరు చేశారు. దానికి విద్యుత్ ప్రవేశ ద్వారమని పేరు పెట్టారు.

"కరెంటు పోయేదానికి దారుంది, కళ్ళు పోయేదానికి లేదా?" అంది వజ్రమ్మ.

కుట్టకపోతే పరికరాన్ని ప్రధాన కార్యాలయానికి పంపించేస్తామన్నారు. ప్రధాన కార్యాలయంలోకి వెళ్ళినది ఏదీ తిరిగిరాదని ఆవిడకు కూడా తెలుసు. ముఖం ముడుచుకుని కూర్చుని, మూడు వైపులూ మిషను మీద, నాలుగో వైపు చేత్తో కుట్టింది. చివరి ముడి వేసి దారాన్ని పళ్ళతో తెంపింది. ఆ ముడి మీద పురుషోత్తం గారు లక్క సీలు వేశారు. మూడు ముద్రలూ ఈసారి కవరు పైవైపు, అందరికీ కనిపించేలా కొట్టాను.

ఆ సాయంత్రమే వజ్రమ్మ సభ్యత్వ కార్డు తెచ్చి బల్ల మీద పెట్టింది. "ఆ కవరియ్యండి."

"అది కుట్టేశాం కదండీ."

"మూడు ముద్రలుండాయా లేదా?"

ఉన్నాయి. ఇవ్వకపోవడానికి నాకు కారణం దొరకలేదు. పద్నాలుగు రోజులకు ఇచ్చాను. రెండు రోజుల తర్వాత ఎందుకో మనసాగక ఆవిడ కొట్టుకు వెళ్ళాను. కుర్చీలో కూర్చుని, కవరును ఒళ్ళో పెట్టుకుని, గుడ్డ మీద నుంచే బొటనవేలితో పక్క మీట నొక్కుతోంది. కాసేపాగి మళ్ళీ నొక్కుతోంది.

"ఏం చేస్తున్నారు వజ్రమ్మ గారూ?"

"చదువుతన్నా. లోపల పేజీలు తిరగతానే ఉండాయి సారూ. కనపడటంలా, అంతే."

నేను తిరిగి వచ్చేశాను. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి ఆ పూట రిజిస్టరు రాయబుద్ధి కాలేదు.

జనవరిలో వస్త్ర కవచ పఠనోత్సవాల ముగింపు సభ మా ఊళ్ళో పెట్టారు. కల్యాణ మండపంలో తాళ్ళు కట్టి నాలుగువందల పదహారు కవర్లను క్లిప్పులతో వేలాడదీశారు. దూరం నుంచి చూస్తే చాకిరేవులా ఉంది. వేదిక మధ్యలో పట్టుగుడ్డ కప్పిన పీట మీద మా మాతృ కవచం. ముఖ్య అతిథిగా కొత్త కమిషనర్ మేడం వచ్చారు. అంతకు ముందు ఆవిడ గనుల శాఖలో పనిచేశారని, పైపైన చూసి ఊరుకునే మనిషి కాదని పురుషోత్తం గారు ముందే కంగారు పడ్డారు.

పట్టుగుడ్డ తొలగించారు. చప్పట్లు కొట్టాం. మేడం కవరును చేతుల్లోకి తీసుకుని బరువు చూశారు.

"దీన్లో ఏముంది?"

పురుషోత్తం గారు నవ్వారు. "మూడువేల పన్నెండు గ్రంథములు, మేడం."

"ఉన్నాయని ఎవరు చూశారు?"

చప్పట్లు ఆగాయి. పురుషోత్తం గారు పక్కనున్న అధికారిని చూశారు. ఆయన తన పక్కనున్నవారిని చూశారు. ఆ చూపు వరసగా వేదిక చివరి కుర్చీ దాకా వచ్చి, అక్కడ నిలబడి ఉన్న నా మీద ఆగింది. వేదిక కింద మూడో వరసలో వజ్రమ్మ కూర్చుని ఉంది. సభ మొదట్లో తనకు కప్పిన శాలువాను పట్టించుకోకుండా మేడం చేతిలోని కవరునే చూస్తోంది.

నేను ఒక అడుగు ముందుకు వేశాను. నిబంధనలు నాకు కంఠతా వచ్చు.

"నిబంధన 31 ప్రకారం, మేడం, ప్రతి సంవత్సరం మార్చి ముప్పై ఒకటి లోపల ప్రతి గ్రంథాన్నీ తెరిచి, మొదటి పుట నుంచి చివరి పుట వరకు పుటలన్నీ వరుసగా ఉన్నవో లేవో స్వయంగా చూచి ధ్రువీకరించవలెను."

"మరి చూశారా?"

"కుట్టేశామండీ."

"నాలుగువైపులానా?" మేడం కవరు తిప్పి చూశారు. పురుషోత్తం గారు కండువా సర్దుకున్నారు. "అయితే విప్పి చూడాలి. ఆ పని ఎవరు చేస్తారు?"

నేను ఇంకో అడుగు ముందుకు వేశాను. "కుట్టు గుడ్డ చిరక్కుండా విప్పాలండీ. సాయంత్రానికి మళ్ళీ అదే కుట్టు వేయాలి. మధ్యలో మూడువేల పన్నెండు పుస్తకాల్లో ఒక్క పుట కూడా దాటిపోకుండా చూడాలి. ఇవన్నీ వచ్చిన మనిషి మండలిలో లేరు. ఊళ్ళో ఒకరున్నారు."

మేడం నా చూపు వెంబడి చూసి వజ్రమ్మను లేవమన్నారు.

"ఎంతకాలం పడుతుందమ్మా?"

వజ్రమ్మ కళ్ళు చికిలించి లెక్క వేసుకుంది. "గట్టిగా కూచుంటే ముప్పై ఏళ్ళల్లో తేల్చేస్తా తల్లీ."

వారంలో ఉత్తర్వులు వచ్చాయి. ఉదయం పదిన్నరకు కుట్టు విప్పాలి, సాయంత్రం ఐదింటికి తిరిగి కుట్టి లక్క వేయాలి. ఇద్దరికి తగ్గకుండా సాక్షులు ఉండాలి. ఆఖరి షరతు పురుషోత్తం గారు స్వయంగా చేర్చారు: "పరిశీలకురాలు గ్రంథములను పరిశీలించవలెనే గాని చదవరాదు. పరిశీలన వలన ఆమెకు ఎట్టి ఆనందమూ కలుగలేదని శాఖాధికారి ప్రతిదినము ధ్రువీకరించవలెను."

మొదటి రోజు వజ్రమ్మ బ్లేడుతో ఒక్కో కుట్టూ తెంపింది. మీట నొక్కితే తొంభై ఒక్క శాతం చూపించింది. గుడ్డ మీద నుంచి నొక్కి నొక్కి అక్కడిదాకా తెచ్చేసింది. ముందేం జరిగిందో కనపడకుండా చేత్తో గాజును మూసుకుంటూ వెనక్కి నడిపించి, అరవై ఏడు దగ్గర ఆగి, చెయ్యి తీసింది. నేను సాక్షుల రిజిస్టరు ముందు పెట్టుకుని కూర్చున్నాను గానీ, ఒక్క అక్షరం రాయలేదు.

"ఏముంది?" అన్నాను.

"తెల్లకాగితం."

"అంటే?"

"ఉత్తరంలో ఏం రాయలా సారూ. వట్టి కాగితం. డాక్టరు మండిపడి చించి పారేశాడు." ఆ పేజీని మళ్ళీ చూసింది. "పిచ్చి సన్నాసి. ఆ పిల్లకి రాయటం రాదు. చిరునామా ఎవరిచేతో రాయించి, లోపల మాత్రం ఎవరికీ చెప్పుకోలేక ఉత్త కాగితం పెట్టింది. ఇంత చదువుకున్నోడికి అది తెలవలా."

ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. నేను ధ్రువీకరణ పత్రంలో రాశాను: కంటి ఆపరేషన్ తాలూకు నీరు. ఆనందము లేదు.

ఆ తర్వాత కూడా నా ధ్రువీకరణలు నిక్కచ్చిగానే సాగాయి. ఆవిడ పకపకా నవ్విన రోజున దగ్గు అని రాశాను. తొడ చరుచుకున్న రోజున దోమలు అని రాశాను. అయితే సాక్షుల విషయంలో చిక్కొచ్చింది. పుటలు వరుసగా ఉన్నాయని సంతకం పెట్టాలంటే తమకూ తెలియాలి కదా అని వాళ్ళు పట్టుబట్టారు. న్యాయమే. అందుకని వజ్రమ్మ పైకి చదవసాగింది. మొదట ఇద్దరు సాక్షులు, వారానికి ఏడుగురు, నెల తిరిగేసరికి బల్లలు చాలక ఎదురు కొట్లోంచి స్టూళ్ళు తేవాల్సి వచ్చింది. బజారుకు పోయేవాళ్ళు గుమ్మం దగ్గర సంచులు దించి నిలబడేవాళ్ళు. సాక్షులు ఇద్దరికి తగ్గరాదని ఉంది గానీ, మించరాదని ఎక్కడా లేదు. రెండుసార్లు చూశాను.

ఏప్రిల్ చివర పురుషోత్తం గారి నుంచి మెమో వచ్చింది. "మీ శాఖలో గత మూడు మాసములుగా ఒక్క కవచమును కూడ పాఠకులు తీసుకొనినట్లు కానరాదు. ఇతర శాఖలు పురోగమించుచుండగా చింతలగుంటలో పఠనాసక్తి పూర్తిగా నశించుటకు గల కారణములను మూడు దినములలో తెలియజేయవలెను."

విషయం తీవ్రమైనది. వెంటనే తెల్లకాగితం తీసి, పై విషయమై సమర్పించుకొనునది ఏమనగా, అని మొదలుపెట్టాను. కారణం తోచలేదు. కలాన్ని బల్ల మీద తాటిస్తూ ఆలోచిస్తున్నాను. గది కిక్కిరిసి ఉంది. వజ్రమ్మ కొత్త నవల పట్టి నాలుగు రోజులైంది. చదువుతున్నదల్లా ఆగి, తలెత్తకుండానే అంది:

"సారూ, ఆ టకటక ఆపి ఇట్టా వచ్చి కూచోండి. పెళ్ళివారు రైలు దిగతన్నారు. పిల్ల ఇంట్లో లేదు."

సాక్షులందరూ నా వైపు తిరిగి చూశారు, ఆలస్యం నావల్లే జరుగుతున్నట్టు. బల్ల మీద ఎవరో జరిగి జానెడు చోటిచ్చారు. రిజిస్టరులో నలభై మూడో సాక్షిగా నా పేరు రాసుకుని, కలానికి మూత పెట్టి, వెళ్ళి కూర్చున్నాను.